బడా బజార్ రోగులు

మొన్న ఇద్దరు నర్సింగు విద్యార్థినులు మా ఇంటికి వచ్చారు. ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. పాతవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏ వార్డు ఎప్పుడు కట్టారు, శంకుస్థాపన ఏ దొర చేశాడు, చందా ఏ జమీందారు ఇచ్చాడు, ఇవన్నీ వాళ్ళ దగ్గర రాసే ఉన్నాయి. గోడల సంగతి గోడలకు తాపిన రాళ్ళే చెబుతాయి. అందుకని నేను ఆ గోడల మధ్య జరిగినదొకటి చెప్పాను. పిల్లలు మర్యాదగానే విన్నారు గానీ, సగంలో ఒకమ్మాయి కలానికి మూత పెట్టేసింది. పుస్తకంలో ఇది పడదని నాకప్పుడే తెలిసిపోయింది. మీలాంటి చిన్నవాళ్ళు ఎవరైనా ఎప్పుడైనా చదువుతారేమోనని ఇప్పుడు నేనే రాస్తున్నాను.

మా నాన్న బరంపురంలో బడిపంతులు. ఆయన పోయాక నేను విశాఖపట్నం వెళ్ళి నర్సు పని నేర్చుకున్నాను. తిరిగి వచ్చి మా ఊరి పెద్దాసుపత్రిలో చేరేసరికి వీధిలో సగం మంది మా ఇంట మంచినీళ్ళు తాగడం మానేశారు. ఒంట్లో బాగుండనప్పుడు మాత్రం పెరటి గుమ్మం వైపు నుంచి వచ్చి మందు పట్టుకెళ్ళేవారు.

నేను చేరిన కొద్ది కాలానికే కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చింది, అంతవరకూ మద్రాసు కింద ఉన్న మా ఊరు అందులో పడింది. సాయంత్రం మద్రాసు ప్రభుత్వపు నర్సుగా డ్యూటీ దిగినదాన్ని మర్నాడు పొద్దున ఒరిస్సా ప్రభుత్వపు నర్సుగా డ్యూటీ ఎక్కాను. మధ్యలో నేను చేసిందల్లా నిద్రపోవడం. ఉద్యోగుల్లో మద్రాసు వైపు వెళ్ళిపోదలచినవాళ్ళు చెప్పుకోవచ్చన్నారు. మా పాత డాక్టరుగారు చెప్పుకుని వెళ్ళిపోయారు. మా అమ్మ బరంపురం దాటి రానంది కాబట్టి నేను ఉండిపోయాను. మా హెడ్ గుమాస్తాగారూ ఉండిపోయారు. ఎందుకండీ అని అడిగితే, వాళ్ళ పెరటి నూతి నీళ్ళు తియ్యగా ఉంటాయనీ, దక్షిణాన అలాంటి నీళ్ళు దొరకవనీ చెప్పారు.

ఈ హెడ్ గుమాస్తాగారిది మూడు తరాలుగా బరంపురంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. సన్నగా పొడుగ్గా ఉండేవారు. నుదుటి మీద విభూతి రేఖలు, చెవి మీద పెన్సిలు. ఎంత ఉక్కపోసినా కోటు గుండీలు విప్పేవారు కాదు. ఆయనకు పులి అన్నా పామన్నా భయం లేదు. ఆడిట్ అంటే మాత్రం చలిజ్వరం వచ్చినట్టయ్యేది. రాష్ట్రం మారగానే ఆయన చేయించిన మొదటి పని, ఆసుపత్రి దుప్పట్ల అంచున ఎర్ర దారంతో కుట్టి ఉన్న మద్రాసు ప్రభుత్వపు అక్షరాలు ఊడబీకించడం. ఒక రాష్ట్రపు ఆస్తి మీద ఇంకో రాష్ట్రపు పేరుంటే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరన్నారు. నర్సులమంతా వరండాలో కూర్చుని బ్లేడ్లతో ఆ దారాలు పీకాం. అంతా అయ్యాక చూస్తే, ఆ అక్షరాలు సూది బెజ్జాల్లో అలాగే ఉన్నాయి. మునుపటి కంటే స్పష్టంగా ఉన్నాయి కూడా.

పాత డాక్టరుగారి స్థానంలోకి కొత్త రాజధాని కటకం నుంచి కుర్ర ఒడియా డాక్టరు వచ్చారు. చెయ్యి మెత్తన, మాట కరుకు. తెలుగు ఒక్క ముక్క రాదు. రోగుల్లో సగానికి పైగా తెలుగువాళ్ళు. నాకు రెండు భాషలూ సమంగా వచ్చు కనుక, ఆయన ఒడియాలో అడిగింది నేను తెలుగులో చెప్పడం, వాళ్ళు తెలుగులో ఏడ్చింది నేను ఒడియాలో చెప్పడం నా పనుల్లో ఒకటయింది.

అసలు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొత్త సరిహద్దు బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య నుంచి పోయింది. ఇచ్ఛాపురం, దాని అవతల సముద్రం ఒడ్డు పల్లెలూ మద్రాసులోనే ఉండిపోయాయి. మేం ఇటు వచ్చేశాం. ఆ పల్లెలవాళ్ళకు తాతల నాటి నుంచీ ఆసుపత్రి అంటే బరంపురమే. రైలెక్కితే కాసేపట్లో వచ్చేస్తారు. వాళ్ళను చేర్చుకోవద్దని ఏ ప్రభుత్వమూ అనలేదు. చేర్చుకోమనీ అనలేదు. హెడ్ గుమాస్తాగారి బాధంతా ఆ రెండో మాటతోనే. సీసాలో మందు పోసి పంపడానికి ఆయన అడ్డు చెప్పేవారు కాదు. మంచం ఇచ్చి రెండు పూటలా తిండి పెట్టాలంటే, "పరాయి రాష్ట్రపు రోగి తిన్న గంజి ఏ పద్దు కింద రాయను?" అనేవారు. దీని మీద వివరణ కోరుతూ కటకం రాశారు. జవాబు వచ్చేదాకా ఆ ఊళ్ళవాళ్ళకు మంచం లేదన్నారు. జవాబు రాలేదు.

జవాబు కోసం రోగం ఆగదు కదా. ఒకసారి ఆ వైపు నుంచి ఒక కూలీ కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. వాడి బావమరిది మా ఊరి బడా బజార్లో మూటలు మోసేవాడు. ఏ ఊరని అడిగితే, నొప్పిలో ఏమనుకున్నాడో గానీ, "బడా బజార్" అన్నాడు. హెడ్ గుమాస్తాగారు రాసుకున్నారు. మంచం దొరికింది. ఆ మాట రైల్లో పాకింది. తర్వాత నుంచి ఇచ్ఛాపురంలో రైలెక్కిన ప్రతి రోగీ బరంపురంలో దిగేసరికి బడా బజార్ కాపురస్తుడైపోయేవాడు. హెడ్ గుమాస్తాగారికి తెలియదా అంటే, తెలుసు. "వాళ్ళు చెప్పింది నేను రాస్తాను అమ్మాయ్. చెప్పంది రాయను, చెప్పింది మార్చను. నా పని అంతే," అన్నారొకసారి, నేను అడక్కుండానే.

అలా నడుస్తూ ఉండగా ఆమె వచ్చింది.

బరంపురంలో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. బడా బజార్ మొదట్లో ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చునేది. రోజూ పొద్దుటి బండికి రావడం, సాయంత్రం బండికి పోవడం. నల్లగా దృఢంగా ఉండేది, యాభై దాటి ఉంటాయి. గొంతు విప్పితే బజారు ఆ చివరకు వినిపించేది. ఆ రోజు గంప లేదు. కుడిచెయ్యి చీరకొంగులో చుట్టుకుని, కోడలి భుజం పట్టుకుని వచ్చింది. జెల్లచేప ముల్లు అరచేతిలో దిగబడిందట. సున్నం, పొగాకు వేసి కట్టుకుని మామూలుగా పని చేసుకుందట. కట్టు విప్పి చూస్తే చెయ్యి బూరెలా పొంగి, మణికట్టు దాటి ఎర్రగా పాకుతోంది. డాక్టరుగారు చూడగానే, ఈ రోజే కొయ్యాలి, ఆ తర్వాత చెయ్యి ఎత్తికట్టి మంచం మీద పడుకోబెట్టాలి అన్నారు.

చేర్పించడానికి నేనే హెడ్ గుమాస్తాగారి బల్ల దగ్గరకు తీసుకెళ్ళాను.

"ఏ ఊరు?" అన్నారాయన, తల ఎత్తకుండా.

నేను ఆమె చెవి దగ్గర వంగి, బడా బజార్ అని చెప్పమన్నాను.

"ఏటి నర్సమ్మా, సెవిలో గొణుగుతావు? గట్టిగా సెప్పు, నాకు ఇనబడ్డం నేదు," అంది ఆమె, ఆవరణలో ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా.

హెడ్ గుమాస్తాగారు కిటికీలోంచి బయటకు చూడడం మొదలుపెట్టారు. నేను ఇంకోసారి చెప్పాను.

"బడా బజారేటి? బడా బజార్ల నాను సేపలమ్ముతాను. నా ఊరు అది కాదు," అని తన పల్లె పేరు చెప్పింది. ఇచ్ఛాపురం అవతల, సముద్రం గట్టు మీద ఉన్న పల్లె.

"అది ఇప్పుడు మన రాష్ట్రం కాదమ్మా," అన్నారు హెడ్ గుమాస్తాగారు.

"మరెవుల్ది?"

"మద్రాసుది."

"మొన్నటిదాకా బరంపురం ఎవుల్ది?"

"అదీ మద్రాసుదే అనుకో."

"అయితే కదిలిపోయినోళ్ళు మీరు. నా ఊరు ఉన్నకాడే ఉంది. ఎల్లిపోయినోళ్ళు మీరైతే నన్నడుగుతారేటి బాబూ?"

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర నిబంధన లేదు. శ్రీకాకుళం వెళ్ళవచ్చు కదా అన్నారు. ఆమె తన చేతిని ఆయన బల్ల మీద, పుస్తకం పక్కన పెట్టింది. "ఈ సెయ్యట్టుకుని శీకాకుళం ఎల్లాలా? ఎల్తే అక్కడ బండి నాను దిగుతానో, నా పీనుగు దిగుతాదో," అంది. ఆయన పుస్తకాన్ని కొంచెం తన వైపు జరుపుకున్నారు.

డాక్టరుగారికి నేను జరిగింది చెప్పాను. ఆయన రుసరుసలాడుతూ వచ్చి హెడ్ గుమాస్తాగారితో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడారు. హెడ్ గుమాస్తాగారు నిలబడి, అంతకంటే మంచి ఇంగ్లీషులో, ఎంతో వినయంగా జవాబు చెప్పారు. డాక్టరుగారు కొత్తవారు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కాసేపటికి చల్లబడ్డారు. బయటి రోగులకు కట్లు కట్టే గదిలోనే మత్తిచ్చి, అరచెయ్యి కోసి చీము తీశారు. తెలివి వచ్చాక ఎక్కడ పడుకోబెట్టాలి? వార్డు బయట వరండా ఉంది. వరండా మంచం కాదు గదా. హెడ్ గుమాస్తాగారు చాలాసేపు ఆలోచించి, వరండాలో పడుకున్న మనిషి లోపలి రోగి కిందకు రాదని తేల్చారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో ఎంత నిశ్చింత కనిపించిందో మీకు చెప్పలేను. చట్టమూ నిలబడింది, మనిషీ నిలబడింది అనుకున్నారు.

వరండాలో చాప మీద ఆమెను పడుకోబెట్టి, దీపం తగిలించే ఇనప కొక్కేనికి గుడ్డ కట్టి, చెయ్యి పైకెత్తి అందులో పెట్టాం. వచ్చేపోయేవాళ్ళను ఆమె రమ్మని పిలుస్తున్నట్టుండేది. నిజంగానే పిలిచేది కూడా. వార్డులో ఎవరికి ఏ జబ్బో మా కంటే ఆమెకే ముందు తెలిసేది.

వరండా రోగికి ఆసుపత్రి గంజి రాదు. మొదటి రోజు నేనే ఇంటి నుంచి ఏదో తెచ్చి పెట్టాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి ఇత్తడి కారియరు పెట్టి, ఎవరు పంపారో చెప్పకుండా పోయాడు. తీసి చూస్తే అన్నం, మామిడికాయ పప్పు, మజ్జిగ పులుసు. ఆ కారియరు హెడ్ గుమాస్తాగారిదని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. రోజూ వచ్చేది. మేమెవరమూ ఆయన ముందు ఆ ఊసెత్తలేదు. ఆమె మాత్రం ఊరుకోలేదు. ఆయన వరండా మీదుగా పోతూ ఉంటే, "బాబూ, మీ ఇంట కూర సప్పగుంటాది. ఓ ఎండు రెయ్య ముక్క ఏసి ఉడకబెట్టమని అమ్మగారికి సెప్పండి," అంది. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా తెగలేదు. ఆయన వినపడనట్టు వెళ్ళిపోయారు. మర్నాడు పులుసులో కారం కొంచెం ఎక్కువగా ఉంది.

ఒకరోజు కట్టు మారుస్తూ నేను మళ్ళీ బతిమాలాను. ఒక్క మాట బడా బజార్ అంటే లోపల మంచం దొరుకుతుంది, మబ్బులు పట్టాయి, వరండాలోకి జల్లు కొడుతుంది అన్నాను. ఆమె అరవలేదు. మొదటిసారి నాతో నెమ్మదిగా మాట్లాడింది.

"నా పెనిమిటి రంగం ఎల్లినాడు నర్సమ్మా, మిల్లుల పనికి. కూలీలను తీసుకుపోయినోడు కాయితంలో ఊరు పేరు ఏదో రాసేసినాడు, వాడి సులువు కోసం. అక్కడ రోగమొచ్చి ఆసుపత్రిల సచ్చిపోనాడు. కబురు ఆ కాయితంల ఉన్న ఊరికెల్లింది. అక్కడోళ్ళకు మేమెవులమో ఏటి తెల్సు? నాకు తెలిసేతలికి ఏడాది పైనైపోనాది. ఏడాదీ బొట్టెట్టుకుని, గాజులేసుకుని, బండి దిగినోళ్ళందర్నీ అడిగినాను, మావోడు కనబడినాడా అని." కట్టు వైపు చూసుకుంది. "నానిక్కడ సచ్చిపోతే కబురెక్కడికంపుతారు? బడా బజారుకా? అక్కడ నాకోసం ఏడిసేదెవులు?"

రంగం అంటే రంగూను. మా తీరంలో ప్రతి పల్లె నుంచీ ఎవరో ఒకరు అక్కడికి పోయినవాళ్ళే. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వాన మొదలైంది. మూడు వైపులా తెరిచి ఉన్న వరండా. చాప ఎటు జరిపినా తడిసేది. ఆమెకు వణుకుతో జ్వరం వచ్చింది. చూపుడువేలు, నడిమివేలు రంగు మారాయి. డాక్టరుగారు ఆ వేళ్ళను వాసన చూసి, వెళ్ళి చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడ్డారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కటకం నుంచి కబురొచ్చింది. జవాబు కాదు, తనిఖీ. మా ఆసుపత్రి నుంచి నెలనెలా పంపే లెక్కల్లో రోగుల ఊళ్ళు చూసి అక్కడివాళ్ళు గాబరా పడ్డారట. జ్వరాలూ పుళ్ళూ విరిగిన కాళ్ళూ ఒక్క బడా బజార్ నుంచే ఇన్ని వస్తున్నాయంటే అక్కడి నీళ్ళలో ఏదో ఉంది, మహమ్మారి మొదలయ్యేలా ఉంది అని, వైద్యశాఖ పై అధికారి స్వయంగా బయలుదేరారు. ఆయన రాకముందే ఆ వార్త వచ్చేసింది. కొడల లాంటి ఊళ్ళ నుంచి పెళ్ళి చీరలు కొనడానికి వచ్చేవాళ్ళు బడా బజార్లో అడుగు పెట్టడం మానేశారు. వర్తకులు గగ్గోలు పెట్టారు.

తనిఖీ రోజు పొద్దున జల్లు పడుతూనే ఉంది. డాక్టరుగారు ఆమెను చూసి, ఈ రోజు వేళ్ళు తీయకపోతే రేపు చెయ్యి తీయాలి, లోపలికి మార్చండి అన్నారు. ఈసారి ఎవరినీ అడగలేదు. నేనూ, కోడలూ ఆమెను పట్టుకుని ఆడవాళ్ళ వార్డులో ఖాళీ మంచం మీదికి చేర్చాం. హెడ్ గుమాస్తాగారు గుమ్మంలో నిలబడి చూశారు. అడ్డు చెప్పలేదు. కాసేపటికి మంచానికి తగిలించే అట్ట పట్టుకుని వచ్చారు. దాని మీద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఆమె పేరు, దాని కింద బడా బజార్ అని రాసి ఉంది.

"ఆవిడ అలా చెప్పలేదు కదండీ," అన్నాను.

"తెలుసు," అన్నారు.

ముప్ఫై ఏళ్ళ కొలువులో ఎవరూ చెప్పని మాట ఆయన రాయడం అదే మొదటిసారి. ఆ అట్ట తగిలించి, కోటు సర్దుకుని, పై అధికారికి ఎదురు వెళ్ళారు.

పై అధికారి పెద్దవయసు ఒడియా ఆయన. చేతికర్ర, తడిసిన బూట్లు, రైలు ప్రయాణంలో నలిగిన ముఖం. ఆయన వెనకాలే బడా బజార్ పట్టుచీరల వర్తకుడొకాయన, తెలుగాయన, స్టేషన్ నుంచే ఆయన్ని వదలకుండా వచ్చాడు. తన వీధిలో జబ్బులేమీ లేవని ఋజువు చేయడానికి ఆయన అదే వీధి నుంచి ఒక చెంబు మంచినీళ్ళు కూడా తెచ్చాడు. తాగి చూపిస్తానంటాడు.

ముందు మగవాళ్ళ వార్డు చూశారు. మంచం తర్వాత మంచం, ఏ ఊరంటే బడా బజార్. అధికారి ముఖం పాలిపోతోంది. వర్తకుడి ముఖం ఎర్రబడుతోంది. "వీణ్ణి నేనెప్పుడూ చూడలేదండీ! మా వీధిలో కుక్కలు కూడా నాకు తెలుసు!" అంటున్నాడు. మధ్య గుమ్మం దాటి ఆడవాళ్ళ వార్డులోకి వచ్చారు. మొదటి మంచం ఆమెదే. అధికారి అట్ట చదివి, మళ్ళీ బడా బజార్ అని నిట్టూర్చారు.

వర్తకుడు ఆమెను చూడగానే చెంబు కింద పెట్టేశాడు. "దీన్ని ఎరుగుదునండీ! మా వీధి మొదట్లో ఎండుచేపలమ్ముతుంది. సాయంత్రం బండికి పోతుంది. ఇది మా వీధి మనిషి కాదు."

ఆమెకు జ్వరం మండిపోతోంది. అయినా గొంతు గొంతే.

"ఈ బాబు నిజం సెప్పినాడు. ఆ అట్ట మీద ఏటి రాసినారో నాకు తెల్దు, నాకు సదువు రాదు. నా ఊరు ఇచ్ఛాపురం అవతల," అని పల్లె పేరు చెప్పి, ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది, అధికారికి సరిగ్గా వినపడాలని.

నేను ఒడియాలో చెప్పాను. అధికారి అట్ట చేతిలోకి తీసుకున్నారు. "అయితే ఇది ఎవరు రాశారు?"

డాక్టరుగారు నోరు తెరవబోయారు. ఆయన కంటే ముందు హెడ్ గుమాస్తాగారు ఒక అడుగు ముందుకు వేశారు.

"నేనే రాశానండి. ఆమె చెప్పలేదు. మద్రాసు ఊరని రాస్తే మంచం ఇవ్వడానికి లేదు."

నేనాయన్ని అంతవరకూ పిరికివాడనే అనుకున్నాను. ఆ తర్వాత కూడా ఆయన పిరికితనం పోయిందని చెప్పను. పెట్టి ఉన్న కోటు గుండీలనే మళ్ళీ ఒక్కొక్కటీ సర్దుకుంటున్నారు. అయినా చెప్పారు.

"వీళ్ళను చేర్చుకోవద్దని మీకెవరు చెప్పారు?" అన్నారు అధికారి.

"ఎవరూ చెప్పలేదండి. చేర్చుకోమని కూడా ఎవరూ చెప్పలేదండి. వివరణ కోరాను."

ఆ పక్క మంచం మీది ముసలమ్మ మెల్లగా లేచి కూర్చుంది. "బాబూ, నాదీ బడా బజార్ కాదు. నన్నేటి అనకండి," అంది. ఆ అవతల ఇంకొకామె తన ఊరు చెప్పింది. గుమ్మంలోంచి వింటున్న మగవాళ్ళ వార్డులోంచి ఒకడు అరిచాడు, "నాదీ కాదు బావూ!" ఒకరి వెనక ఒకరు, సముద్రం ఒడ్డు పల్లెలన్నీ వరసగా పలికాయి. నాకు కొన్ని పేర్లు తెలియను కూడా తెలియవు. వర్తకుడు ఒక్కో ఊరికీ తల ఊపుతూ, ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అధికారి స్టూలు మీద కూర్చున్నారు. కోప్పడతారని అనుకున్నాం. ఆయన మొహం విప్పారింది.

"అయితే బడా బజార్లో రోగం లేదన్నమాట. ఈ రోగాలన్నీ మద్రాసువి!" అన్నారు.

అంత సంతోషంగా ఉన్న పై అధికారిని నేను నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. డాక్టరుగారు ఆ సంతోషం చల్లారకముందే, ఈమెకు ఇప్పుడే వేళ్ళు తీయాలి, మంచం ఉంచుకోవచ్చా అని అడిగారు. "రోగిని ఉంచుకోవడానికి నన్నడుగుతారేమిటి? ఎక్కడివాళ్ళయితేనేం, ఉంచుకోండి," అని అధికారి లేచారు. హెడ్ గుమాస్తాగారు ఆ మాట కాస్త రాసి ఇమ్మని వెంటపడ్డారు. తాను నీళ్ళ సంగతి చూడడానికి వచ్చాననీ, ఇది తన తనిఖీలో లేని విషయమనీ, బండికి వేళయిందనీ చెప్పి ఆయన గొడుగు కింద నడిచి వెళ్ళిపోయారు.

హెడ్ గుమాస్తాగారు వర్తకుణ్ణి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పై అధికారి ఫలానా మాట తన ఎదుటే అన్నారని ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం బలంతో మా ఆసుపత్రి చాలా కాలం నడిచింది. ఒక పట్టుచీరల వర్తకుడి సాక్ష్యం మీద రెండు రాష్ట్రాల రోగులు మంచాలెక్కారు. ఆసుపత్రి చరిత్ర పుస్తకంలో ఈ సంగతి ఉండదని నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే డాక్టరుగారు రెండు వేళ్ళు తీశారు. చెయ్యి నిలిచింది, మనిషి నిలిచింది. ఆమె ఇంకా మంచం మీద ఉండగానే, ఎన్నాళ్ళ కిందటో అడిగిన వివరణకు కటకం నుంచి జవాబు వచ్చింది. బరంపురంలో పరిస్థితి సంతృప్తికరంగా ఉందని తనిఖీలో తేలినందున ఈ ప్రశ్న ఇక ఉత్పన్నం కాదని అందులో ఉంది. హెడ్ గుమాస్తాగారు రెండుసార్లు చదివి, మడిచి దాచి, తన పని చూసుకున్నారు. డాక్టరుగారికి రసెల్‌కొండ బదిలీ అయింది. ఇప్పుడు మీరు భంజనగర్ అంటున్నది దాన్నే. శిక్షో బహుమానమో ఆయనకూ తెలియలేదు.

ఆయన వెళ్ళే ముందే ఆమెను ఇంటికి పంపారు. ఆ పొద్దున కోడలు రెండు ఎండుచేపల గంపలతో వచ్చింది. ఊరికే బరంపురం వచ్చి ఊరికే పోవడం ఎందుకని అత్తగారే తెమ్మందట. ఇద్దరూ నేరుగా బడా బజార్ వెళ్తారు. డాక్టరుగారు చివరిసారి కట్టు చూసి, నాతో అన్నారు, "సిస్టర్, ఈమెకు చెప్పండి. మొదటి రోజే నేను గట్టిగా నిలబడి లోపల పడుకోబెట్టి ఉంటే ఈ వేళ్ళు ఉండేవి."

హెడ్ గుమాస్తాగారు అక్కడే ఉన్నారు. నేను ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.

ఆమె మిగిలిన మూడు వేళ్ళూ ముడిచి, తెరిచి చూసుకుంది. "ఆ బాబుకి సెప్పు. నాను మొదట్నే బడా బజారని సెప్పుంటే ఉండేవి. ఆ సంగతి నాకు తెల్దేటి? నాను అన్లేదు. సేతి ఏళ్ళు నాయి, ఊరు నాది. ఇంకెవుల మీదా నింద ఎయ్యను."

డాక్టరుగారికి అది ఒడియాలో చెప్పాను. ఆయన తల వంచుకుని, బాగానే ఉన్న కట్టు ముడి విప్పి మళ్ళీ కట్టారు.

కోడలు తన గంప తలకెత్తుకుంది. ఆమె తన గంప అంచు ఎడమచేత్తో పట్టుకుని ఎత్తబోయింది, కుడిచెయ్యి సహకరించలేదు. చుట్టూ చూసింది. దగ్గర్లో నిలబడి ఉన్నది హెడ్ గుమాస్తాగారే.

"ఓ సెయ్యెయ్యి బాబూ," అంది.

ఆయన ఒకసారి నన్ను చూశారు, ఒకసారి గంపను చూశారు. కోటు చేతులు కొంచెం పైకి లాక్కుని, వంగి, రెండు చేతులతో ఎండుచేపల గంప ఎత్తి ఆమె తల మీద పెట్టారు. చుట్టకుదురు మీద సరిగ్గా కూర్చునేదాకా వదల్లేదు. ఆమె నడుచుకుంటూ గేటు దాటి బజారు వైపు పోయింది. ఇంటికి వెళ్ళి ఆయన ఏ నూతి దగ్గర ఎన్ని చెంబులు పోసుకున్నారో నాకు తెలియదు. నా ఎదుట మాత్రం ఆయన చేతులు కడుక్కోలేదు. అలాగే వచ్చి బల్ల దగ్గర కూర్చుని, వరసలో ముందున్న మనిషిని మొదట ఏం జబ్బని అడిగారు.